ఉద్యోగమా, ఇల్లా: శ్రీకాకుళంలో ఒక క్వాలిటీ కంట్రోల్ కెమిస్ట్ కేసు

కుటుంబ ఆర్థిక, ఉద్యోగ సలహా పనిలో తరచూ వచ్చే కేసు ఇది. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాం. లెక్క చెడకుండా అంకెలు ఉంచాం.

ఆమెకు 30 ఏళ్లు. ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ. పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్ట్, మందులోని పదార్థాల్ని వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరికరం మీద పని. కాపురం శ్రీకాకుళం టౌన్‌లో. భర్త ప్రైవేటు బ్యాంకులో లోన్ల విభాగంలో ఉన్నాడు. ఇంట్లో అత్తగారు, మామగారు, నాలుగు నెలల బాబు. ప్రసూతి సెలవు అయిపోవడానికి ఇంకా రెండు నెలలుంది. అప్పటికి సర్వీసు 4 ఏళ్ల 3 నెలలు అవుతుంది.

ఆమె అడిగింది ఒక్కటే: "వెళ్తే పిల్లాణ్ణి వదిలేసిందంటుంది మా ఆడపడుచు. మానేస్తే చదువంతా మట్టిపాలంటుంది మా అమ్మ. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?"

ఎవరి మాటా వినక్కర్లేదు. ఆ రెండు మాటలూ ఎప్పుడు, ఎంతకాలం, ఎంత ఖర్చుతో అన్నది చెప్పవు. ఇలాంటి కేసులో మేం మొదట అవునా కాదా అని అడగం. ముందు మూడు కాగితాలు రాయిస్తాం: డబ్బు, గంటలు, తేదీలు. నిర్ణయం వాటి తర్వాతే.

మొదటి కాగితం: డబ్బు

ఇంట్లో వాళ్లు అప్పటికే ఒక లెక్క వేసుకుని ఉన్నారు. ఆమె గ్రాస్ జీతం 30,000. అందులో పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోగా చేతికొచ్చేది 28,000. ఉద్యోగానికి వెళ్తే అయ్యే ఖర్చుగా భర్త రాసినవి: ఆయా 8,000, బస్సు ఎక్కే చోటికి ఆటో 1,040, పాలపొడి, డైపర్లు 3,200, పనిమనిషి 2,500, కర్రీ పాయింట్ 800, ఆస్పత్రి 2,000, బట్టలు 500. మొత్తం 18,040. మిగిలేది 9,960. "పదివేలకి ఇంత యాతనెందుకండీ" అన్నది అతని మాట. అలా అనడంలో చెడు ఉద్దేశం లేదు, లెక్కలోనే తప్పుంది.

తప్పు ఎక్కడుందంటే, ఆమె మానేసినా ఆగని ఖర్చుల్ని కూడా ఆమె జీతంలోంచే కోశారు. అత్తగారికి మోకాళ్ల నొప్పి, కాబట్టి పనిమనిషి ఎటూ ఉంటుంది. డైపర్లలో 2,000 ఎటూ తప్పవు. ఆస్పత్రి 2,000 అన్నది ఒక నెల జ్వరం వచ్చినప్పటి బిల్లు చూసి వేసిన అంకె. టీకాలు ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగానే వేయిస్తున్నారు. ఈ మూడూ తీసేస్తే ఉద్యోగం వల్ల అదనంగా అయ్యే ఖర్చు 11,540. మిగిలేది 16,460.

ఇంకో మాట. ఆయా జీతాన్ని తల్లి జీతంలోంచే తీసే అలవాటు దాదాపు ప్రతి ఇంట్లో కనిపిస్తుంది. బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు ఆ 8,000 రెండు జీతాల్లోంచీ పోవాలి. కాగితం మీద ఆ ఒక్క గీత మార్చి చూపిస్తే, ఇంట్లో వాళ్లు మాట్లాడే తీరే మారుతుంది.

చేతికి రాని డబ్బు కూడా జీతమే. పీఎఫ్‌లో ఆమె వాటా 1,800, కంపెనీ వాటా 1,800. కంపెనీ వాటాలో 1,250 పెన్షన్ పథకానికి, 550 పీఎఫ్ ఖాతాకు వెళ్తాయి. అంటే నెలకు 3,600 ఆమె పేరున పడుతోంది. 16,460కి ఇది కలిపితే 20,060.

తర్వాత గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే మొత్తం. ఆఖరి మూలవేతనం, డీఏ కలిపి ఆమెకు 16,000. దాన్ని 15తో గుణించి 26తో భాగిస్తే ఏడాదికి 9,231. ఐదేళ్లకు 46,154. ఐదేళ్ల సర్వీసు నిండకపోతే సున్నా. 4 ఏళ్ల 240 రోజులు చాలన్న మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటుంది గానీ, అది చూపించి హెచ్‌ఆర్‌తో వాదించడం కన్నా మిగిలిన నెలలు పూర్తిచేయడం తేలిక. ప్రసూతి సెలవు 26 వారాలూ సర్వీసులోనే లెక్క. చాలామంది ఆ ఆరు నెలలు తీసేసి లెక్కేసుకుంటారు. ఈమెకు ఐదేళ్లకు కావలసింది ఇంకా 9 నెలలు.

ఇక ఎవరూ వేయని లెక్క: ఆమె లేకుండా ఇల్లు నడుస్తుందా? భర్త చేతికొచ్చేది 36,000. ఇంటి లోను కిస్తీ 13,500. ఆయా ఖర్చు లేకుండా ఇంటి ఖర్చు 24,000. నెలకు 1,500 లోటు, అదీ ఎవరికీ జబ్బు చేయని నెలలో. బ్యాంకులో ఉన్నది 70,000. ఆరు నెలల ఖర్చు, కిస్తీలతో కలిపి పక్కన ఉండాలంటే 2,25,000 కావాలి. అంటే ఆ రోజున మానేసే స్తోమత ఆ ఇంటికి లేదు. మానేయడం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే అప్పటికి పుట్టదు.

9 నెలలు పనిచేస్తే, 16,460లో ఆ 1,500 లోటు పోగా నెలకు 14,960 చొప్పున 1,34,640 మిగులుతుంది. ఉన్న 70,000, గ్రాట్యుటీ 46,154 కలిపితే 2,50,794. తొమ్మిది నెలల తర్వాత అదే ప్రశ్న అడిగితే, అప్పుడు ఆమె నిజంగా ఎంచుకోగలదు.

రెండో కాగితం: గంటలు

అరగంటకో గడి చొప్పున 48 గడుల కాగితం భార్యాభర్తలిద్దరికీ విడివిడిగా ఇచ్చాం. మామూలు రోజొకటి, ఆదివారం ఒకటి నింపాలి. ఒకరిది ఇంకొకరు చూడకూడదు.

భర్త కాగితంలో సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా మూడు గడుల్లో "ఇంట్లో సాయం" అని ఉంది. ఏం సాయం అని అడిగితే "బాబుని ఆడిస్తాను" అన్నాడు. అదే మూడు గడుల్లో ఆమె కాగితంలో: కుక్కర్, బాబుకి స్నానం, అత్తగారి మందులు. ఎదురెదురుగా పెట్టాక వ్యాఖ్యానం అవసరం రాలేదు. గడులు తిరిగి రాయించాం. ఉదయం 6 నుంచి 7 దాకా బాబు పూర్తిగా తండ్రి పని: డైపర్, స్నానం, బట్టలు. సాయంత్రం ఆయా వెళ్లే 6 గంటల నుంచి ఆమె వచ్చే 7 దాకా కూడా అతనే. బ్యాంకు నుంచి 5:45కి ఇంట్లో ఉండాలి. నెలాఖరు లోన్ టార్గెట్ల వారం అది కుదరదని అతనే చెప్పాడు. ఆ వారానికి ఆయాకు గంట అదనంగా 60 రూపాయలు అనుకున్నారు. ఇలాంటి మినహాయింపులు ముందే రాసుకోకపోతే నెలాఖరున గొడవలవుతాయి.

ఆమెకు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కంపెనీ బస్సు 7:40కి. ఇంట్లో 7:20కే బయల్దేరాలి. జనరల్ షిఫ్ట్ 9 నుంచి 5:30. తిరిగి ఇంటికి 7. పదకొండున్నర గంటలకు పైగా బయటే. ప్రసవానికి ముందు 'ఏ' షిఫ్ట్ (A) కూడా చేసేది, ఉదయం 6 నుంచి 2. ఆ బస్సు తెల్లవారుజామున 4:40కి. చాలామంది "'ఏ' షిఫ్ట్ అయితే మధ్యాహ్నానికే ఇంట్లో ఉండొచ్చు" అని దాన్నే కోరుకుంటారు. ఆరు నెలల బిడ్డ రాత్రి మూడుసార్లు లేస్తుంటే 3:30కి లేవాల్సిన షిఫ్ట్ నెల తిరక్కుండానే మనిషిని పడగొడుతుంది. జనరల్ షిఫ్ట్ కావాలని, వీలైతే డాక్యుమెంటేషన్‌లో వేయమని చేరడానికి నెల ముందే మెయిల్ పెట్టించాం. పాలిచ్చే తల్లి రోజంతా ఎసిటోనైట్రైల్, మిథనాల్ లాంటి ల్యాబ్ ద్రావకాల మధ్య ఉండకపోవడమే మంచిది. పైగా డేటా రివ్యూ, డాక్యుమెంటేషన్ పని రేపు రెగ్యులేటరీ విభాగానికి దారి తీస్తుంది. అందులో కొంత పని ఇంటి నుంచి కూడా చేయొచ్చు. సెలవు తర్వాత ఇంటి నుంచి పని, పని స్వభావం ఒప్పుకుంటే, ఇరువైపులా మాట్లాడుకుని పెట్టుకోవచ్చని 2017లో ప్రసూతి చట్టానికి చేసిన సవరణలోనే ఉంది. నోటితో అడిగితే నోటితోనే "చూద్దాం" అంటారు. మెయిల్‌కు జవాబు రాయాలి.

అత్తగారితో విడిగా, వాళ్లింట్లోనే మాట్లాడాం. అప్పటిదాకా "మా అమ్మ చూసుకుంటుంది" అని కొడుకు, "ఆవిడ వల్ల కాదు" అని కోడలు అంటున్నారే గానీ ఆవిడని అడిగినవాళ్లు లేరు. ఆవిడ చెప్పింది ఇది: "నాను కూకుని సూస్తానమ్మా. ఎత్తుకోడం నా వొల్ల అవదు. మద్దినేల కాసేపు నడుం వాల్చాల. జరమొస్తే మాత్రం నాకు కాళ్లూ సేతులూ ఆడవు." ఏర్పాటంతా ఆ నాలుగు ముక్కల మీదే కట్టాం. ఎత్తడం, స్నానం, తినిపించడం ఆయా పని. పక్కన ఉండి చూడడం ఆవిడ పని. మధ్యాహ్నం 2 నుంచి 3:30 దాకా ఆయా గది దాటి వెళ్లకూడదు. ఒళ్లు వెచ్చబడితే మామగారు కొడుక్కి ఫోన్ చేస్తారు, కోడలికి కాదు. బ్యాంకు నుంచి ఇంటికి పది నిమిషాలు, ల్యాబ్ నుంచి గంట పైనే. అయినా ఇళ్లలో మొదటి ఫోన్ తల్లికే వెళ్తుంది. కాబట్టి ఆ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం.

పాలు, ఆయా, రిహార్సల్

చట్టం ప్రకారం బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండు పాలిచ్చే విరామాలుంటాయి. 50 మంది, అంతకు మించి ఉన్న చోట క్రెష్ (పిల్లల్ని చూసుకునే గది) ఉండాలి. కానీ పసివాణ్ణి రోజూ బస్సులో గంటకు పైగా రానూ పోనూ తిప్పడం కుదరదు. అందుకని ఆ విరామాల్ని పాలు తీసుకోవడానికి వాడుకోమన్నాం. ఉదయం 10:30కి, మధ్యాహ్నం భోజనం వేళ, 4 గంటలకు, ఒక్కోసారి 20 నిమిషాలు. స్థలం కంపెనీ మెడికల్ రూమ్. ల్యాబ్ ఫ్రిజ్‌లో సొంత వస్తువులు పెట్టడం మందుల తయారీ నియమాలకు (జీఎంపీ) విరుద్ధం, ఆడిట్‌లో దొరికితే ఆమె మీదకే వస్తుంది. మూడు ఐస్ ప్యాకులున్న చిన్న బ్యాగు కొనిపించాం. అందులో పాలు ఇంటికి వచ్చేదాకా చెడవు.

బిడ్డకు గంటకు దాదాపు 30 మిల్లీలీటర్లు లెక్కేసుకుంటే పదకొండున్నర గంటలకు 350 దాకా కావాలి. మూడు గిన్నెలు, ఒక్కోటి 120. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. బయట 25 డిగ్రీల లోపు అయితే నాలుగు గంటలు అంటారు గానీ మన ఏప్రిల్‌లో ఆ లెక్క పనికిరాదు. ఫ్రిజ్ లోంచి తీశాక పొయ్యి మీద పెట్టకూడదు, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టాలి. వెచ్చబెట్టినవి రెండు గంటల్లో పట్టకపోతే పారబోయాలి. ఈ చివరిది ఆయాలకి నచ్చదు, "మంచి పాలే కదమ్మా" అని మళ్లీ ఫ్రిజ్‌లో పెడతారు. అందుకే 120 ఒకేసారి వెచ్చబెట్టకుండా 60, 60గా చేయమనడం మేలు.

తల్లి చేరడానికి రెండు వారాల ముందే ఆయాను పెట్టించాం. మొదటి వారం తల్లి ఇంట్లోనే ఉంటుంది కానీ వేరే గదిలో. రెండో వారం 7:20కి గుమ్మం దాటి నిజంగానే బయటికి వెళ్లిపోవాలి. మొదటి రోజు రెండు గంటలు, చివరి రోజు పూర్తి సమయం. ఈ బాబు సీసా ముట్టలేదు. రొమ్ముపాలు తాగే పిల్లల్లో ఇది మామూలే, తల్లి వాసన తగిలే దూరంలో ఉంటే ఇంకా మొండికేస్తారు. నాలుగో రోజున ఉగ్గుగిన్నెతో అత్తగారు పట్టిస్తే తాగాడు. రిహార్సల్ లేకపోతే ఈ సంగతి ఉద్యోగంలో చేరిన రోజున తెలిసేది, ఆ సాయంత్రమే రాజీనామా మాట వచ్చేది.

ఆయా విషయంలో రాసుకున్నవి: జీతంతో నెలకు రెండు రోజుల సెలవు, ఆమె ఆధార్ కాపీ, ఆమె ఇల్లు ఒకసారి చూసి రావడం, ఆమె రాని రోజు వచ్చే రెండో మనిషి ఫోన్ నంబరు. అడ్వాన్సు అడిగితే సగం జీతానికి మించి ఇవ్వొద్దన్నాం. పెద్ద అడ్వాన్సు తీసుకున్న మనిషి అది తీర్చే కన్నా మానేయడమే సుఖమనుకుంటుంది.

"బీఈడీ చేసి డీఎస్సీ రాస్తుంది లెండి"

ఈ మాట శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో వినిపించని కేసు లేదు. ప్రైవేటు ఉద్యోగం మానేయడానికి ఇది మర్యాదైన కారణం. చదువు వృథా కాలేదనిపిస్తుంది, ఇంట్లోనూ ఉండొచ్చు. కానీ దీన్ని తేదీలతో రాస్తే: బీఈడీ రెండేళ్లు, హాజరుతో సహా. తర్వాత టెట్. తర్వాత డీఎస్సీ ఎప్పుడొస్తే అప్పుడు. 2018 తర్వాత నియామకాల దాకా వచ్చిన డీఎస్సీ 2025దే, 16,347 పోస్టులతో. ఆ మధ్య 2024 ఫిబ్రవరిలో వచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. టీచరు కావాలని ఉంటే చదవొచ్చు, తప్పేమీ లేదు. ఈమెకు టీచరు పని ఇష్టమా అని అడిగితే కాసేపు ఆగి, "పిల్లలకి చెప్పడం ఇష్టమేనండి, ముప్పై ఆరేళ్లకి మళ్లీ కోచింగ్ సెంటర్లో కూర్చోవడం ఇష్టం లేదు" అంది. ఆ దారి అక్కడితో పక్కన పెట్టాం.

మూడో కాగితం: తేదీలు

నిర్ణయం ఇలా రాసుకున్నారు: నవంబరులో చేరడం. మూడో నెలలో ఒక సమీక్ష, తొమ్మిదో నెలలో రెండోది. మధ్యలో, ఎంత చెడ్డ రోజైనా, ఆ రోజున రాజీనామా మాట ఎవరూ ఎత్తకూడదు. సమీక్షలో చూడాల్సినవి: బాబు బరువు, ఆమె నిద్ర, బ్యాంకు నిల్వ, అత్తగారి మోకాళ్లు.

జనవరిలో, అనుకున్నట్టే, ఆయా సంక్రాంతికి ఊరెళ్లి పన్నెండు రోజులు రాలేదు. రెండో మనిషి ఐదు రోజులే వచ్చింది. మిగిలినవి భార్య, భర్త సెలవులు పంచుకున్నారు. సగం సగం అనుకున్నది ఆచరణలో ఆమెకే ఎక్కువ పడింది, అదీ సమీక్షలో రాశారు. మార్చిలో ఆడిట్ వచ్చింది. ఆడిట్ వారాల్లో క్వాలిటీ విభాగం రాత్రి ఎనిమిది దాకా కదలదు, మామూలు బస్సు దొరకదు. అలాంటి రోజున భర్త రణస్థలం దాకా బండి మీద వెళ్లి తీసుకురావడం జరిగింది. వేసవిలో బాబుకు రెండుసార్లు విరేచనాలు. వీటన్నిటికన్నా ముందే, రెండో నెలలోనే ఆమెను డాక్యుమెంటేషన్‌కు మార్చారు. పెట్టిన మెయిల్‌కు వచ్చిన ఫలితం అది.

తొమ్మిదో నెలలో నిల్వ పెరిగింది 1,34,640 కాదు, 1,12,000. ఆయా లేని రోజుల్లో జీతం కోతలు, ఆస్పత్రి, అదనపు ఆటోలు మిగతాది తిన్నాయి. మొదటిసారి లెక్క వేసేవాళ్లు ఆరో వంతు తగ్గించుకుని చూసుకుంటే మంచిది. 70,000, 1,12,000, గ్రాట్యుటీ 46,154 కలిపి 2,28,154. 2,25,000 గీత దాటింది, కానీ అంచున. ఈలోగా భర్త జీతం 39,500 అయింది. కిస్తీ, ఇంటి ఖర్చు పోగా నెలకు 2,000 మిగులు.

ఆమె మానేస్తానంది. డబ్బు కోసమో, ఆడపడుచు మాటకో కాదు. పని ఇష్టమే. రోజుకు రెండున్నర గంటల బస్సు, రాత్రి నిద్ర లేకపోవడం కలిసి తట్టుకోలేకపోతున్నానని సమీక్ష కాగితంలో తన చేత్తోనే రాసింది. విరామం 18 నెలలు, తిరిగి వెళ్లే నెల కూడా ఆ కాగితంలోనే ఉంది. వెళ్లమని గానీ ఉండమని గానీ మేం చెప్పలేదు. మానేసే పద్ధతి మాత్రం చెప్పాం.

ఐదేళ్లు నిండిన మర్నాడు కాదు, మరో పదిహేను రోజులు గడిచాక నోటీసు. చేరిన తేదీ హెచ్‌ఆర్ రికార్డులో వేరేగా ఉండే సందర్భాలుంటాయి. గ్రాట్యుటీ దరఖాస్తు మానేసిన నెల లోపే. పీఎఫ్ తీయకూడదు. ఖాతాలో ఉంటే వడ్డీ పడుతూనే ఉంటుంది. పెన్షన్‌కు మొత్తం 10 ఏళ్ల సర్వీసు కావాలి, ఇప్పటి ఐదేళ్లు రేపు కలవాలంటే పెన్షన్ డబ్బు కూడా కదపకూడదు. కంపెనీ యూఏఎన్‌లో (ఉద్యోగి పీఎఫ్ శాశ్వత నంబరు) మానేసిన తేదీ నమోదు చేసిందో లేదో చూసుకోవాలి. లేకపోతే కొత్త ఉద్యోగంలో బదిలీ ఆగిపోతుంది.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవడం ఇంకో తలనొప్పి. ఈమె ఆధార్‌లో అత్తింటి పేరు, పాన్‌లో, పీఎఫ్‌లో, పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు. పేరు కలవకపోతే క్లెయిమ్ తిరిగొస్తుంది. ఉద్యోగంలో ఉండగానే సరిచేయించాం, ఎందుకంటే కొన్ని దిద్దుబాట్లకు కంపెనీ ఆమోదం కావాల్సి వస్తుంది. అలాంటప్పుడు మానేశాక వాళ్ల చుట్టూ తిరగాలి. ఇంకా పెళ్లికాని అమ్మాయిలకు మేం చెప్పేది ఒక్కటే, చదువు సర్టిఫికెట్‌లో ఉన్న పేరే అన్నిచోట్లా ఉంచుకోండి.

కంపెనీ గ్రూప్ ఆరోగ్య బీమా ఆఖరి పనిరోజుతో పోతుంది. అందుకే నోటీసు కాలంలోనే ముగ్గురికీ కలిపి పాలసీ తీయించాం. కొత్త పాలసీకి మొదటి 30 రోజులు ప్రమాదాలు తప్ప మిగతా జబ్బులకు రక్షణ ఉండదు. ఆ నెల ఉద్యోగంలో ఉండగానే గడిచిపోవాలి. రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం, ఆఖరి మూడు పే స్లిప్పులు, ఫారం 16 తీసుకుంది. తాను నడిపిన పరికరాలు, సాఫ్ట్‌వేర్ల పేర్లు, ఎదుర్కొన్న ఆడిట్లు ఒక పేజీ రాసుకుంది. కంపెనీ రికార్డుల కాపీలు మాత్రం తెచ్చుకోకూడదు.

గ్రాట్యుటీ ఆమె పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్. మిగులు 2,000 ప్రతి నెలా ఆమె ఖాతాకు. సాయంత్రాలు ఇంట్లోనే ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతోంది, నెలకు 6,000 దాకా. బీమా ప్రీమియం అందులోంచే. మాజీ సహోద్యోగులతో నెలకోసారి మాట్లాడడం, మారిన మార్గదర్శకాలు చదవడం ఆమె కాగితంలో ఉంది. మొదటిది జరుగుతోంది, రెండోది అంతంత మాత్రం.

మానేశాక మూడో నెలలో ఆ 2,000 రాలేదు. అడగడానికి ఆమెకు మొహమాటం, గుర్తులేదని అతను. ఇప్పుడు బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించాం. ప్రతి నెల 2వ తేదీన, 5న పోయే ఇంటి కిస్తీ కన్నా ముందే ఆమె ఖాతాకు వెళ్తుంది. తర్వాతి సమీక్ష సంక్రాంతి అయ్యాక.